బల్లని బోర్లించి చూడాలి

పాత సామాను కొనడంలో చెయ్యి తిరిగినవాడు ఇంట్లోకి రాగానే బల్ల మీది మెరుపుని మెచ్చుకోడు. పైనున్న పేపర్లూ, పూలకుండీ తీయించి, బల్లని ఓ పక్కకి ఒరిగించి అడుగుభాగం చూస్తాడు. కాళ్లు పలకని కలిసేచోట వేలు పెట్టి తడుముతాడు. సొరుగుని పూర్తిగా బయటికి లాగి, దాని వెనక చెక్క దగ్గర ముక్కు పెడతాడు. అదంతా అయ్యాకే "ఎంతకిద్దామనుకుంటున్నారండీ?" అంటాడు. అమ్మేవాళ్లకి ఇది బేరం తగ్గించే నాటకంలా కనిపిస్తుంది. కొంత నాటకం ఉన్న మాట నిజమే గానీ, మిగతాది గట్టి పరిశీలన. అందులో ప్రతి పనికీ వెనక ఓ భౌతికశాస్త్ర సూత్రమో, రసాయన చర్యో ఉంది.

బల్ల పైభాగాన్ని ఎవరైనా ఎప్పుడైనా మార్చెయ్యొచ్చు. చిత్రిక పట్టి, రంగు వేసి, పాలిషు కొడితే నిన్నటి చెక్కకి వందేళ్ల పెద్దరికం వస్తుంది. అడుగు సంగతి అలా కాదు. అక్కడెవరు చూస్తారులే అని చేసినవాడు వదిలేస్తాడు, తరవాత బాగుచేసినవాడూ వదిలేస్తాడు. అందుకే అసలు ఆధారాలన్నీ అక్కడ మిగిలిపోతాయి.

మొదట చూడాల్సినవి రంపపు గాట్లు. మిల్లులు రాకముందు దుంగని గోతి మీద అడ్డంగా పెట్టి, ఒకడు పైన, ఇంకొకడు గోతిలో నిలబడి పొడుగాటి రంపం లాగేవారు. ఆ గాట్లు సూటిగానే ఉన్నా ఒకదానికొకటి సమాన దూరంలో ఉండవు. చెయ్యి అలిసినచోట దగ్గరపడతాయి, ఊపు అందుకున్నచోట ఎడమవుతాయి. గుండ్రటి రంపం తిరిగే మిల్లులో కోసిన పలక మీద విల్లులా వంగిన గీతలు కనిపిస్తాయి. పట్టీలా తిరిగే రంపం (బ్యాండ్ సా) కోత అయితే అచ్చు గుద్దినట్టు సమదూరంలో సన్నటి గీతలుంటాయి. మన పల్లెల్లో గోతిరంపం చాలాకాలం నడిచింది కాబట్టి ఆ గాట్లు ఉన్నంత మాత్రాన బల్ల తాతలనాటిదని చెప్పలేం. అదే "మా ముత్తాతగారి కాలంలో మా పెరట్లోనే దుంగ కోయించి చేయించార"ని చెప్పే బల్ల అడుగున బ్యాండ్ సా గీతలు కనిపిస్తే, ఆ కథలో ఏదో ఒక పలక తరవాత వచ్చి చేరిందన్నమాట.

మేకులూ ఇలాగే మాట్లాడతాయి. తలమీద ప్లస్ గుర్తున్న మరమేకుకి అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ పేరిట పేటెంట్లు వచ్చింది 1936లో. ఆ మేకు బల్లకి మొదటినుంచీ ఉన్నదైతే బల్ల అంతకంటే పాతది అయ్యే వీల్లేదు. తరవాత మరమ్మతులో కొట్టిందైతే సంగతి వేరు. రెండింటిలో ఏదో తేల్చడానికి మేకు చుట్టూ చెక్కని చూడాలి. చెక్కలో టానిన్లనే పదార్థాలుంటాయి. ఇనుము, తేమ, టానిన్ కలిస్తే నల్లటి సమ్మేళనం పుడుతుంది. ఒకప్పుడు కరక్కాయ రసంలో అన్నభేది కలిపి సిరా చేసుకున్నదీ ఈ రసాయన చర్యతోనే. ఏళ్ల తరబడి చెక్కలో ఉన్న ఇనప మేకు చుట్టూ నల్లటి మచ్చ పాకి ఉంటుంది. మచ్చ లేని శుభ్రమైన చెక్కలో తుప్పుపట్టిన మేకు కనిపిస్తే ఆ తుప్పు వేరేచోట పట్టిందని అనుమానించాలి.

అతుకుల్లో బంక సంగతి కూడా చూడాలి. పాతకాలపు వడ్రంగులు పశువుల తోళ్లు, ఎముకలు ఉడికించి తీసిన సరేసు వాడేవారు. అది ప్రోటీను, వేడినీళ్లు తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. ఫెవికాల్ మన బజారులోకి వచ్చింది 1959లో. అతుకు సందులోంచి తెల్లటి బంక ఉబికి ఎండి ఉంటే అది ఆ తరవాతి పని. అమ్మకం దృష్టితో చూస్తే సరేసు అతుకు మంచిది. ఊగుతున్న కాలుని వేడి తడిగుడ్డతో ఊడదీసి, శుభ్రం చేసి మళ్లీ బిగించవచ్చు. తెల్లబంకతో అతికి, పైనుంచి రెండు మేకులు దిగేసిన కాలుని ఊడదీయబోతే కూసం విరిగి బెజ్జంలోనే ఉండిపోతుంది. "గట్టిగా ఉండాలని" చేయించిన మరమ్మతే చాలాసార్లు బల్ల విలువని సగానికి దించుతుంది.

ఇక అది ఏ చెక్క? మనవైపు అమ్మకానికొచ్చే ప్రతి పాత బల్లా అమ్మేవాళ్ల మాటలో బర్మా టేకే. ఆ పేరుకి ఉన్న మోజు ఊరికే రాలేదు. 1885లో ఇంగ్లీషువాళ్లు బర్మా రాజధాని మాండలే మీదికి యుద్ధానికి వెళ్లడానికి దొరికిన సాకే బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ అనే కంపెనీ టేకు దుంగల తగాదా. ఆ తరవాత ఇరావతి మీదుగా రంగూన్ రేవుకీ, సాల్వీన్ మీదుగా మౌల్మేన్ రేవుకీ దిగిన టేకు బంగాళాఖాతం దాటి మన తీరానికీ చేరింది. ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి జిల్లాల నుంచి వేలమంది 'రంగం' (రంగూన్) వెళ్లి కూలిపని చేశారు. ధాన్యం మిల్లుల్లో, రేవుల్లో మూటలు మోశారు. 1941-42లో జపాన్ బాంబులు పడ్డాక ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగొచ్చారు. కాబట్టి కోస్తా ఇంట్లో బర్మా టేకు బల్ల ఉండడం అసంభవం కాదు. కానీ మన గోదావరి అడవుల్లోనూ, ఆదిలాబాదులోనూ పెరిగేది అదే జాతి టేకు, టెక్టోనా గ్రాండిస్. భూతద్దంలో చూసి ఈ ముక్క బర్మాది, ఈ ముక్క భద్రాచలంది అని తేల్చి చెప్పేవాణ్ని నేనైతే నమ్మను. పాత రసీదో, మిల్లు ముద్రో ఉంటే తప్ప "బర్మా" అనే మాటకి విడిగా ధర కట్టకూడదు.

టేకా కాదా అన్నది మాత్రం ఇంట్లోనే చాలావరకు తేలుతుంది. కాలు అడుగు కొస చూడండి. అక్కడ చెక్క అడ్డకోత బయటికి కనిపిస్తుంది. ఏళ్ల మట్టి పట్టి ఉంటుంది కాబట్టి కొత్త బ్లేడుతో పావు అంగుళం మేర పలచగా, ఒకే విసురులో చెక్కాలి. రాపిడి చేస్తే రంధ్రాలు పొట్టుతో పూడిపోతాయి, బ్లేడు కోతే కావాలి. కాస్త నీటితో తడిపి, గడియారాలు బాగుచేసేవాళ్లు వాడే పదింతల భూతద్దం కంటికి ఆనించి చూస్తే వార్షిక వలయాలు కనిపిస్తాయి. టేకులో ప్రతి వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు వరసగా, పూసలు గుచ్చినట్టు ఉంటాయి. వాటి చుట్టూ లేతరంగు పొర ఉంటుంది. తరవాత రంధ్రాలు చిన్నవై, ఎడమైపోతాయి. మళ్లీ కొత్త వలయం, మళ్లీ పెద్ద రంధ్రాల వరస. ఆకు రాల్చిన చెట్టు తొలకరికి చిగురించి, ఒక్కసారిగా నీళ్లు పైకి తోడుకోవడానికి వేసుకున్న గొట్టాలవి. మామిడి చెక్కలో ఈ వరస కనిపించదు, రంధ్రాలు అంతటా చెదిరి ఉంటాయి. నల్లమద్దికి, తుమ్మకి ముదురు రంగు పూసి టేకు అని అమ్మేవాళ్లు రంగు మార్చగలరు గానీ ఈ గొట్టాల అమరికని మార్చలేరు. అంత ఖరీదైన బల్ల అయితే, సందేహం తీరకపోతే, బెంగళూరులోని దారు విజ్ఞాన సంస్థ, డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ వంటివి చిన్న ముక్క చూసి జాతి తేల్చి చెబుతాయి.

బరువు కూడా ఒక సాక్ష్యమే. అయిదడుగుల పొడుగు, రెండున్నర అడుగుల వెడల్పు, అంగుళం మందం ఉన్న పలకలో చెక్క 1 ఘనపుటడుగు పైచిలుకు. మూడంగుళాల చదరం, రెండున్నర అడుగుల ఎత్తు ఉన్న నాలుగు కాళ్లలో 0.6. చుట్టూ నాలుగంగుళాల పట్టీలు అన్నీ కలిపి 0.4. మొత్తం 2 ఘనపుటడుగులు దాటుతుంది. ఆరిన టేకు ఘనపుటడుగుకి రమారమి 18 కిలోలు తూగుతుంది కాబట్టి బల్ల 38 కిలోల దరిదాపుల్లో ఉండాలి. అదే రోజ్‌వుడ్ అయితే 50కి చేరుతుంది. కాటా మీద 26 కిలోలే చూపిస్తే ఆ పలక టేకు తొడుగు వేసిన తేలిక చెక్క కావచ్చు. అయితే బరువు సరిపోయినంత మాత్రాన టేకు అయిపోదు, అదే సాంద్రత ఉన్న చెక్కలు ఇంకా ఉన్నాయి. కాటా 'కాదు' అని చెప్పగలదు గానీ 'అవును' అని చెప్పలేదు.

ఈ లెక్కకి ఇంకో ప్రయోజనం ఉంది. కొనేవాడి మనసులో ఉండే అతి తక్కువ ధర ఈ 2 ఘనపుటడుగుల కలప ధరే. మీ ఊళ్లో టింబరు డిపోకి ఫోను చేసి పాత టేకు ఘనపుటడుగు ఎంతో కనుక్కుంటే, అంతకంటే కిందికి దిగకూడదని మీకూ తెలుస్తుంది. మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది కనక పెద్ద చెట్ల వెడల్పాటి పలకలకి గిరాకీ తగ్గలేదు. ఇక చెక్క నాణ్యత సంగతికొస్తే, "వలయాలు దగ్గరగా ఉంటే గట్టి చెక్క" అని వడ్రంగులు కూడా అంటుంటారు. టేకు విషయంలో ఇది నిలబడదు, పెరిగిన వేగానికీ గట్టిదనానికీ నమ్మదగ్గ ముడి లేదు. ముదురు చెట్టు గొప్పతనమంతా చేవలో, అంటే నడిమి ముదురు చెక్కలో ఉంది. లేత తోటల టేకులో తెల్లచెక్క పాలు ఎక్కువ, చేవ తక్కువ.

తెల్లచెక్కకీ పుచ్చుకీ అవినాభావ సంబంధం. టేకు చేవలో ఉండే క్వినోన్ల వంటి పదార్థాలు చెదకీ పురుగులకీ గిట్టవు. తెల్లచెక్కలో పిండిపదార్థం ఉంటుంది, పుచ్చు పురుగు ఆ పిండి కోసమే వస్తుంది. అందుకే పాత బల్లల్లో ఒక కాలు వజ్రంలా ఉండి, పక్క కాలికి ఒక అంచు మాత్రమే జల్లెడైపోవడం మామూలే. రంధ్రాలుంటే బెంబేలెత్తక్కర్లేదు, పురుగు ఇంకా ఉందా అన్నదే ప్రశ్న. కాళ్ల కింద నల్ల కాగితం పరిచి కొన్ని వారాలు కదపకుండా వదిలెయ్యాలి. కాగితం మీద మెత్తటి పిండి రాలితే లోపల కాపురం ఉన్నట్టే. రంధ్రం అంచులు మొద్దుబారి, లోపల దుమ్ముతో నల్లబడి ఉంటే ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయినట్టు.

మోసం పట్టుకోవడానికి కూడా పురుగే సాయం చేస్తుంది. పుచ్చు పురుగు చెక్క లోపల అడ్డదిడ్డంగా సొరంగాలు తవ్వి, రెక్కలొచ్చాక పైకి ఒక్క గుండ్రటి రంధ్రం చేసుకుని ఎగిరిపోతుంది. బయటినుంచి మనకి కనిపించాల్సింది రంధ్రాలే. పలక మీద కాలవల్లా సగం తెరుచుకున్న సొరంగాలు కనిపిస్తే, పురుగు తిన్న తరవాత ఆ చెక్కని ఎవరో మళ్లీ కోశారు, లేదా చిత్రిక పట్టారు. పాత ఇంటి దూలాలు కోసి 'పురాతన' బల్లలు చేసే చోట ఈ కాలవలు తరచూ కనిపిస్తాయి. చెక్క పాతదే, బల్ల కొత్తది. అందులో తప్పేమీ లేదు, అలాగని చెప్పి అమ్మితే. డ్రిల్లుతో వేసిన దొంగ రంధ్రాలైతే ఇంకా సులువు. సన్నటి తీగ దూరిస్తే తిన్నగా లోపలికి దిగిపోతుంది.

గుండ్రటి బల్లకి వయసు పరీక్ష ఒకటుంది, టేపు ఉంటే చాలు. చెక్క ఆరుతున్నప్పుడు నిలువునా దాదాపు కుంచించుకోదు. అడ్డంగా కుంచించుకుంటుంది, అందులోనూ వలయాల వెంబడి కుంచించుకునేది కేంద్రం వైపు కుంచించుకునేదానికి ఇంచుమించు రెండింతలు. నాలుగడుగుల గుండ్రటి పలక దశాబ్దాలు గడిచేసరికి అడ్డంగా సెంటీమీటరు దాకా తగ్గి కోలగా మారవచ్చు. ఏ వైపు కొలిచినా అణువంత తేడా లేని 'వందేళ్ల గుండ్రబల్ల' కనిపిస్తే అది ప్లైవుడ్డో, కొత్తగా కోసిందో. కర్ర చీలలు వేసిన అతుకుల్లోనూ ఇదే జరుగుతుంది. చుట్టూ చెక్క కుంచించుకున్నాక చీల తల పైకి పొడుచుకొచ్చి వేలికి తగులుతుంది.

ఇంత చెప్పాక, ప్రయోగశాలలో కార్బన్ డేటింగ్ చేయిస్తే పోలేదా అని అడిగేవాళ్లుంటారు. గత మూడు, మూడున్నర శతాబ్దాల చెక్కకి ఆ పద్ధతి సరిగ్గా ఒక ఏడాదిని చూపించదు. వాతావరణంలో రేడియో కార్బన్ హెచ్చుతగ్గుల వల్ల ఒకే కొలతకి నాలుగైదు వేర్వేరు కాలాలు సరిపోతాయి. బాగా పనికొచ్చేది ఒక్కచోటే. 1950ల నుంచి జరిగిన అణుపరీక్షల వల్ల గాలిలో రేడియో కార్బన్ బాగా పెరిగింది. ఆ మోతాదు చెక్కలో కనిపిస్తే చెట్టు ఆ తరవాత కూడా పెరిగిందని ఖాయం. వలయాలు లెక్కించే పద్ధతి టేకుకి కుదురుతుంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థవాళ్లు టేకు వలయాల్లో వెనకటి రుతుపవనాల జాడలు వెతికారు. కానీ ఇవి చెట్టు వయసు చెబుతాయి, బల్ల వయసు చెప్పవు. పైగా మామూలు బల్లకి ఈ పరీక్షల ఖర్చే తడిసి మోపెడవుతుంది.

అసలు యుద్ధమంతా జరిగేది పైపొర దగ్గర. బల్ల అమ్మేద్దాం అనుకోగానే ఇంట్లో ఎవరో ఒకరు ఉప్పుకాగితం తెచ్చేస్తారు. ముందు ఆ చేతిని ఆపాలి. చెక్కకి రంగునిచ్చేది ఎక్కువగా అందులోని లిగ్నిన్, దానితో ఉన్న ఇతర పదార్థాలు. వెలుతురు, గాలి తగిలి ఇవి నెమ్మదిగా మారతాయి. కొత్తగా కోసిన టేకు చారలు చారలుగా, ఆకుపచ్చ జీరతో ఉండి క్రమంగా బంగారు గోధుమరంగుకి సర్దుకుంటుంది. రోజ్‌వుడ్ ఊదారంగు వెలిసి గోధుమరంగులోకి దిగుతుంది. కాంతి చెక్కలోకి చొచ్చుకుపోయే లోతు మిల్లీమీటరులో నాలుగో వంతుకి మించదు. అరవై ఏళ్లు పట్టిన ఆ రంగుని ముతక ఉప్పుకాగితం పది నిమిషాల్లో పొట్టు చేస్తుంది. పూలకుండీ కింద గుండ్రంగా లేత మచ్చ ఉందని బాధపడతారు గానీ, తెలిసినవాడికి అది బల్ల నిజంగా ఆ కిటికీ పక్కన అన్నేళ్లు నిలబడిందనడానికి సంతకం.

పాలిషు ఏదో తెలుసుకోకుండా ఏ మందూ వెయ్యకూడదు. పాత బల్లల మీద ఉండేది ఎక్కువగా లక్క పాలిషు. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు కూడబెట్టిన జిగురుని శుద్ధిచేసి స్పిరిట్‌లో కరిగిస్తే వచ్చేదది. ఏటికొప్పాక బొమ్మల నునుపు కూడా ఆ లక్కదే. అడుగునో, సొరుగు పక్కనో కనపడని చోట స్పిరిట్‌లో ముంచిన దూది ఒక నిమిషం ఆనించి చూడండి. జిగటగా కరిగితే లక్క. స్పిరిట్‌కి కరగకుండా థిన్నర్‌కి కరిగితే లాకర్. రెండింటికీ లొంగకపోతే మెలమైన్, పాలీయురెథేన్ వంటి ఈ కాలపు పూత. వేడి కాఫీ గ్లాసు పెట్టిన తెల్లటి వలయం లక్క పొరలో చిక్కుకున్న తేమ మాత్రమే. ఆ తేమ వెలుతురుని చెదరగొట్టడం వల్ల తెల్లగా కనిపిస్తుంది. స్పిరిట్ తడి తగిలీ తగలనట్టున్న గుడ్డతో ఒకటి రెండుసార్లు సుతారంగా రాస్తే చాలావరకు పోతుంది. నల్లటి వలయం అలా పోదు. నీరు చెక్క దాకా దిగి, ఇనుముతో కలిసి టానిన్ నల్లబడిందని అర్థం. ఆగ్జాలిక్ ఆమ్లంతో దాన్ని తీయవచ్చు గానీ అది విషం, చేతొడుగులు లేకుండా ముట్టుకునేది కాదు. రాతబల్ల మీది సిరా మరకనైతే నన్నడిగితే వదిలెయ్యమంటాను. పాత రంగులు వేసిన బల్లతో ఇంకో ప్రమాదం ఉంది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నియమం మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందటి రంగుని పొడిగా రుద్ది ఆ దుమ్ము పిల్లలున్న ఇంట్లో రేపకూడదు.

పైపొరని కాపాడాలన్న పట్టింపు అందరు కొనుగోలుదార్లకీ ఉండదు, ఇది ఒప్పుకోవాలి. హైదరాబాదులో కొత్త ఫ్లాటుకి బల్ల వెతుక్కునేవాళ్లకి మెరుపు కావాలి, గీతలు అక్కర్లేదు. అక్కడి జుమేరాత్ బజారులో కొనేవాడికి కలప ధర కావాలి. కారైక్కుడిలో మునీశ్వరన్ కోయిల్ వీధి దుకాణాలకో, కొచ్చి మట్టంచేరి జ్యూ టౌన్‌కో పాత సామాను కోసం వెళ్లేవాళ్లకి చెక్కుచెదరని పాతదనం కావాలి. ఒకే బల్లకి ముగ్గురూ మూడు ధరలు చెబుతారు, ముగ్గురిలో ఎవరూ అబద్ధం ఆడరు. అందుకే ఎవరికి అమ్మాలో తేల్చుకోకముందు పాలిషు కొట్టించకూడదు. కొట్టించాక మూడో రకం కొనుగోలుదారు ఇక దక్కడు. మొదటి రకం వాళ్లు తమకి నచ్చిన రంగు తామే వేయించుకుంటారు.

ఈ మూడో రకం ఎంత దూరం వెళ్తారో చెప్పే ఉదంతం అమెరికాలో ఉంది. ఓ మహిళ పాత సామాను అమ్మకంలో 25 డాలర్లకి కొన్న అర్ధచంద్రాకారపు పేకాట బల్లని 1997లో 'ఆంటిక్స్ రోడ్‌షో' టీవీ కార్యక్రమానికి తెచ్చింది. బల్ల అడుగున బోస్టన్ వడ్రంగులు జాన్ సేమూర్, అతని కొడుకు థామస్‌ల కాగితం చీటీ అతికించి ఉంది. మరుసటి ఏడాది సోథెబీస్ వేలంలో అది 5,41,500 డాలర్లకి పోయింది. మన ఇళ్ల బల్లలకి అలాంటి చీటీలుండవు. కానీ అడుగున సున్నంతో రాసిన అంకె, కచేరీ ముద్ర, వేలంపాట చీటీ ఏదున్నా తడిగుడ్డతో తుడవకుండా ముందు ఫోటో తీసుకోవాలి.

విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి పంపాలన్నా, అక్కడివాళ్లకి అమ్మాలన్నా చట్టం అడ్డొస్తుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన కళాత్మక వస్తువుని దేశం దాటించకూడదు. వందేళ్లు నిండనిదైతే పురావస్తువు కాదని పురావస్తుశాఖ నుంచి పత్రం తీసుకోవడం మేలు. మన రోజ్‌వుడ్ 2017 జనవరి నుంచి, అరుదైన జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో జాబితాలో ఉంది. అనుమతి పత్రం లేకపోతే బల్ల రేవులోనే ఆగిపోతుంది. టేకుకి ఆ బెడద లేదు.

బల్ల ఎక్కడికెళ్తోందో అడిగి తెలుసుకోవడం అమ్మేవాడికే మంచిది. కాకినాడ ఉప్పగాలిలో చెక్కలో 14 శాతం తేమ ఉండేది, చలికాలం హీటర్లు తిరిగే ఇంట్లో 6 శాతానికి పడిపోతుంది. రెండున్నర అడుగుల వెడల్పు టేకు పలక ఆ ప్రయాణంలో సెంటీమీటరు పైన కుంచించుకోగలదు. పాత వడ్రంగులు పలకని పట్టీలకి కర్రబిళ్లలతో పట్టించి, కదలడానికి సందు వదిలేవారు. మధ్యలో ఎవరో మేకులు దిగేసి ఆ కదలికని బిగించి ఉంటే, కొన్న ఆర్నెల్లకి పలక నిలువునా పగిలి, మీకు ఫోను వస్తుంది. బండి ఎక్కించేముందు ఆ మేకులు తీయించి, బిళ్లలు పెట్టించండి. వడ్రంగికి అది ఒక పూట పని.